పరదేశంలో పరిశోధక విద్యార్థి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ఉన్నత విద్యకు మేధస్సు ఒక్కటే చాలదు. ఆ మేధస్సు వికసించే వరకు విద్యార్థి కడుపు నింపే ఆధారం కూడా కావాలి. ఆధారం దొరకక ఆగిపోయిన చదువులు ప్రతి గ్రామంలోను ఉన్నాయి. వాటి చరిత్ర ఎవరూ వ్రాయరు. దొరికిన కొద్దిపాటి ఆధారాలను ఒకదానికొకటి ముడివేసుకొని, సముద్రాలు దాటి, డాక్టరేటు సంపాదించి, ఆ విద్యతో లోకానికి మేలు చేసిన తెలుగువారిలో అగ్రగణ్యులు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కనుగొన్న విషయాలు పాఠ్యపుస్తకాలలో ఉన్నాయి. ఆయన చదువుకు ధనం ఎలా సమకూరింది, అందుకు ఎవరెవరు ఏమేమి వదులుకున్నారు అన్నది మాత్రం విద్యార్థుల తల్లిదండ్రులు తెలుసుకోవలసిన కథ.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మ. సంతానం ఎక్కువ, రాబడి తక్కువ. బాల్యంలో సుబ్బారావుకు చదువుపై ఏమంత శ్రద్ధ లేదు. పదమూడేళ్ళ ప్రాయంలో, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరారు. తల్లి వెతికించి వెనుకకు రప్పించింది. తండ్రి మరణానంతరం ఇంటి భారమంతా ఆ తల్లిపైనే పడింది. ఆమె తన నగలమ్మి కుమారుని మద్రాసులో చదివించింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, తిరువల్లిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాల విద్యార్థిగా మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. మూడవ ప్రయత్నానికి తల్లి ఓపిక పట్టకపోయి ఉంటే ఈ చరిత్ర అక్కడితో ముగిసేది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే నాటికి సుబ్బారావు మనస్సు రామకృష్ణ మఠం వైపు మొగ్గింది. సన్యసించాలని కోరుకున్నారు. తల్లి అంగీకరించలేదు. వైద్యుడైనా రోగుల సేవ చేయవచ్చునన్న ఆలోచనతో 1915లో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. వైద్య విద్య ఖర్చు తల్లి శక్తికి మించినది. మిత్రులు కొంత, అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి మరికొంత సాయం చేశారు. 1919 మే 10న సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో సుబ్బారావు వివాహం జరిగింది.

అవి జాతీయోద్యమం ఊపందుకుంటున్న రోజులు. సుబ్బారావు గాంధీ మహాత్ముని పిలుపునందుకొని, శస్త్రచికిత్స వేళ ధరించే అంగీని కూడా ఖద్దరుతోనే కుట్టించుకున్నారు. ఆంగ్లేయుడైన ఆచార్యునికి అది రుచించలేదు. వ్రాత పరీక్షలలో బాగా రాణించినా సుబ్బారావుకు పూర్తి పట్టమైన ఎం.బి.బి.ఎస్. దక్కలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ఒక అంగీ ఖరీదు ఒక పట్టమైంది. మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. చివరకు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నిర్వహణలోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే అధ్యాపకులుగా చేరారు.

ఆ కాలంలోనే ఆ కుటుంబాన్ని స్ప్రూ అనే రోగం పట్టింది. తిన్న ఆహారం వంటబట్టక, రక్తం క్షీణించి, మనిషి ఎండిపోయే వ్యాధి అది. కొద్ది రోజుల వ్యవధిలో సుబ్బారావు సోదరులిద్దరు దానికి బలియయ్యారు. ఆయనకూ అదే రోగం సోకింది. లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో బ్రతికి బయటపడ్డారు. ఆనాటి పాశ్చాత్య వైద్యం వద్ద ఆ రోగానికి మందు లేదు. తాను చదివిన శాస్త్రం తన సోదరులను కాపాడలేకపోయిందన్న వేదన ఆయనను పరిశోధన వైపు నడిపించింది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల అధ్యయనానికి ప్రత్యేక విభాగం ఉన్నదని తెలిసి, అక్కడ చేరాలని నిశ్చయించుకున్నారు.

ప్రవేశం సంపాదించడం ఒక ఎత్తు, ఓడ ఛార్జీలు, ఫీజు, భోజనం, బస ఖర్చులు సంపాదించడం మరొక ఎత్తు. ఇక్కడే కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థను స్మరించుకోవాలి. సత్యలింగ నాయకర్ గోదావరి తీరం నుండి రంగూన్ వెళ్ళి, అక్కడ స్వశక్తితో ధనం గడించి, ఆ ఆస్తిని విద్యాదానానికి, ధర్మకార్యాలకు వ్రాసిపెట్టిన వితరణశీలి. ఆ సంస్థ సుబ్బారావుకు సహాయం చేస్తామని మాట ఇచ్చింది. మిగిలిన ధనం మామగారు సమకూర్చారు. శేషగిరి అప్పుడు గర్భవతి. మూడేళ్ళలో తిరిగి వస్తానని భార్యకు మాట ఇచ్చి సుబ్బారావు ఓడ ఎక్కారు. 1922 అక్టోబరు 26న బోస్టన్ నగరం చేరారు.

చేతనున్న సొమ్ము కొద్దిరోజులకే చాలినది. భారతదేశంలో పొందిన ఎల్.ఎం.ఎస్. పట్టంతో అక్కడ వైద్యునిగా పనిచేసి సంపాదించే వీలు లేదు. అందువల్ల పగలు తరగతులకు వెళ్ళి, రాత్రివేళ పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో సేవకునిగా చేరారు. రోగుల మలమూత్ర పాత్రలు మార్చి శుభ్రపరచడం ఆ కొలువు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, వైద్య పట్టం పొందిన యువకుడు ఆ పనికి సిగ్గుపడలేదు. ఆ వేతనమే ఆయనను విద్యార్థిగా నిలబెట్టింది. ఇంటి వద్ద పుట్టిన మగశిశువు పసితనంలోనే కన్నుమూశాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడలేదు.

ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన తరువాత సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన శాఖలో పరిశోధక విద్యార్థిగా చేరారు. అక్కడ సైరస్ ఫిస్కే ఆయనకు మార్గదర్శకులు. రక్తంలోను, మూత్రంలోను ఉండే భాస్వరాన్ని కచ్చితంగా కొలిచే పద్ధతిని కనుగొనడం ఆయనకు అప్పగించిన తొలి సమస్య. భాస్వరం ఎంత ఉంటే ద్రావణంలో నీలిరంగు అంత గాఢంగా వచ్చే విధానాన్ని ఇరువురు రూపొందించి 1925లో ప్రకటించారు. అది ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా ప్రపంచమంతటా ప్రయోగశాలలలో స్థిరపడింది.

ఆ కొలత చేతికి రాగానే కండరాల రహస్యం కొంత విడివడింది. కండరానికి శక్తి గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడం వల్లనే వస్తుందని శాస్త్రజ్ఞులు ఆనాడు నమ్మేవారు. ఆ పరిశోధనలకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా లభించింది. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థమున్నదని, కండరం పనిచేసినపుడు అది విడిపోయి విశ్రాంతివేళ తిరిగి ఏర్పడుతుందని 1927లో ఫిస్కే, సుబ్బారావు ప్రకటించారు. 1929లో ఏ.టి.పి.ని వేరుచేసి చూపారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ స్వతంత్రంగా దానినే కనుగొన్నారు. జీవకణంలో శక్తికి నాణెం వంటిది ఏ.టి.పి. అని తొమ్మిదో తరగతి విద్యార్థి కూడా నేడు చదువుకుంటున్నాడు. ఈ కృషికి 1930లో హార్వర్డ్ ఆయనకు పిహెచ్.డి. పట్టమిచ్చింది. అప్పటికి దేశం విడిచి ఎనిమిదేళ్ళు. ఇచ్చిన మాట ప్రకారం తిరిగి రావలసిన గడువు ఏనాడో దాటిపోయింది.

పట్టం వచ్చింది గాని పదవి స్థిరపడలేదు. మరో పదేళ్ళు హార్వర్డ్‌లోనే బోధన, పరిశోధన సాగించినా శాశ్వతాచార్య పదవి లభించలేదు. 1940లో న్యూయార్కు సమీపాన పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళి, అక్కడి పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యారు. తరువాతి ఎనిమిదేళ్ళలో ఆయన నేతృత్వాన జరిగిన కృషి ఒక జీవితానికి మించినది. కాలేయంలోను, ఆకుకూరలలోను ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని 1945 నాటికి ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతను ఆ పదార్థం తగ్గిస్తుందని వెంటనే వెల్లడైంది. సోదరులను బలిగొన్న రోగానికి మందు పావు శతాబ్దం తరువాత సుబ్బారావు బృందం చేతనే తయారైంది.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, దాని పనికి అడ్డుపడే పదార్థాలను కూడా ఆ బృందం తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లోని డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు సోకిన పిల్లలపై ప్రయోగించి, 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా మేలు కలిగినట్లు 1948 జూన్‌లో ప్రకటించారు. క్యాన్సరుకు మందులతో చికిత్స చేసే శాస్త్రానికి అదొక పునాది. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్, తొలి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ కూడా ఆయన నాయకత్వాన వెలువడినవే. ఆరియోమైసిన్‌ను మట్టిలోని సూక్ష్మజీవి నుండి కనుగొన్నవారు ఆ బృందంలోని వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్. కీర్తి సహచరులకు చెందితే సుబ్బారావు సంతోషించేవారు, సభలకెక్కేవారు కాదు.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయస్సులో, నిద్రలోనే గుండె ఆగి ఆయన మరణించారు. స్వతంత్ర భారతానికి అప్పటికి ఏడాది నిండవస్తున్నది. అమెరికా పౌరసత్వం ఆయన స్వీకరించలేదు. స్వదేశానికీ తిరిగి రాలేదు. మూడేళ్ళకని సాగనంపిన శేషగిరి మళ్ళీ భర్తను చూడలేదు. భారత ప్రభుత్వం 1995లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, తపాలా బిళ్ళ వెలువరించింది. పాఠశాలలలో వారానికొకసారి పిల్లలకిచ్చే ఇనుము–ఫోలిక్ ఆమ్లం మాత్రలో ఆయన శ్రమఫలం ఉన్నదని ఆ మాత్ర మింగే బాలికలలో చాలామందికి తెలియదు.

ఈ జీవితాన్ని కేవలం త్యాగకథగా చదివి ఊరుకోవడం న్యాయం కాదు. సుబ్బారావు రాత్రికొలువు చేయవలసి రావడం గొప్పదనం కాదు, గత్యంతరం లేకపోవడం. పరిశోధక విద్యార్థిని పోషించే ఏర్పాటు ఆనాడు సక్రమంగా ఉండి ఉంటే, ఒక తల్లి నగలు, ఒక ఇల్లాలి కాపురం ఆ చదువుకు వెలగా చెల్లించవలసిన అవసరం ఉండేది కాదేమో. నేడు పరిస్థితి కొంత మారింది. అమెరికా విశ్వవిద్యాలయాలలో విజ్ఞాన శాస్త్రాల డాక్టరేటుకు ఎంపికైన విద్యార్థికి సాధారణంగా ఫీజు మినహాయించి, బోధనలోనో పరిశోధనలోనో సహాయపడినందుకు నెలనెలా భృతి ఇస్తారు. మాస్టర్స్ చదువుకు మాత్రం చాలావరకు సొంత ధనమే పెట్టాలి. ఈ తేడా తెలియక పొలం తాకట్టు పెట్టిన తల్లిదండ్రులున్నారు. దరఖాస్తు చేసే ముందే, ఫీజు ఎవరు కడతారు, భృతి ఎంత, ఎన్నేళ్ళు ఇస్తారు అని విద్యార్థి లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. అలా అడగడం యాచన కాదు.

స్వదేశంలోను దారులున్నాయి. 1892లో జంషెడ్జీ టాటా స్థాపించిన నిధి విదేశాలలో ఉన్నత విద్యకు రుణరూపంలో ఉపకార వేతనాలిస్తున్నది. షెడ్యూల్డు కులాల వారికి, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకు కేంద్ర ప్రభుత్వపు జాతీయ విదేశీ ఉపకార వేతనమున్నది. అర్హత పరీక్ష నెగ్గి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ పొందినవారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయల భృతి నిర్ణయమైంది. టాటా దానంతో, మైసూరు సంస్థానమిచ్చిన స్థలంలో 1909లో ఏర్పడిన భారతీయ విజ్ఞాన సంస్థ హొసకోటె నుండి పూట ప్రయాణం కూడా కాదు. తెలుగు మాధ్యమంలో అక్షరాలు దిద్దిన బిడ్డకు ఆ ద్వారం మూసి లేదు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పిన సుబ్బారావుకు హార్వర్డ్ ద్వారం మూసి ఉండలేదు.

పూర్వ విద్యార్థులు గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. సుబ్బారావు ఓడ ఎక్కేనాటికి సత్యలింగ నాయకర్ జీవించి లేరు. తన ధనంలో కొంత భాగం భీమవరపు బాలుడొకనిని బోస్టన్ చేరుస్తుందని, ఆ బాలుని కృషి వల్ల ఎక్కడెక్కడి పసిబిడ్డలో బ్రతుకుతారని ఆయనకు తెలియదు. రంగూన్ రేవులో రాత్రింబవళ్ళు శ్రమించి కూడబెట్టిన సొమ్మును, ముఖమైనా ఎరుగని విద్యార్థుల కోసం వ్రాసిపెట్టి వెళ్ళిపోయారు. విద్యాదానం చేసేవారు ఫలాన్ని కంటితో చూడకపోవచ్చు. ఆ ఫలం ఏ దేశంలో, ఏ రోగి మంచం ప్రక్కన పండుతుందో ముందుగా ఎవరికీ తెలియదు.