బ్రౌన్ దొర బంగళా

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకులు. తండ్రి మరణానంతరం ఇంగ్లండులో విద్యాభ్యాసం చేసి, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1817లో మద్రాసు చేరారు. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అభ్యసించి, 1820లో కడపకు వచ్చారు.

ఆ కాలానికి తెలుగు కావ్యాలు చాలావరకు తాళపత్రాలలోనే ఉండేవి. తాతముత్తాతలు వ్రాయించిన కట్టలు అటకల మీద పడి ఉండేవి. విప్పి చదివేవారు కరవయ్యారు. చెదలు మాత్రం కులగోత్రాలు చూడక అన్నింటినీ సమంగా తినేవి.

ఉద్యోగరీత్యా మచిలీపట్నంలో ఉన్నప్పుడు, ఫ్రెంచి మతాచార్యుడు అబే డుబాయి గ్రంథం ద్వారా బ్రౌన్‌కు వేమన పేరు తెలిసింది. పండితులు చిన్నచూపు చూసిన ఆ పద్యాల ప్రతులను ఊరూరా వెదికించారు. వాటిలో 693 పద్యాలను ఏరి, ఆంగ్లానువాదంతో 1829లో ప్రచురించారు. తెలుగు నేర్చేవారు మొదట చదవదగినవాడు వేమన అని ఆయన అభిప్రాయం. అనువాదంలో అక్కడక్కడ భావం జారిపోయినా, ఆ ఎంపికను తప్పుపట్టలేము.

1826లో మరల కడపకు వచ్చిన బ్రౌన్ తోటతో కూడిన బంగళా కొని, అందులో పండితులకు, లేఖకులకు సొంత జీతంతో వసతి కల్పించారు. ప్రజలు దానిని బ్రౌన్ కాలేజీ అన్నారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి దాని వ్యవహారాలు చూసేవారు. గ్రంథాలు సేకరించడం సులభం. వచ్చిపడిన రాశిని ఏం చేయాలన్నదే అసలు చిక్కు. ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన చదివించి, పాఠభేదాలు గుర్తింపజేసేవారు. తరువాత కాగితంపై శుద్ధప్రతి వ్రాయించి, పదసూచిక తయారుచేయించి, సులభమైన వ్యాఖ్య చేర్పించేవారు. నేడు మనం పాఠపరిష్కరణ అంటున్నది ఇదే. జూలూరి అప్పయ్య పండితుని వంటివారి శ్రమ లేకుంటే మనుచరిత్ర, వసుచరిత్రల పరిష్కృత ప్రతులు వెలువడేవి కావు. బ్రౌన్ కీర్తిలో ఆ పండితుల వాటాను మనం తరచు మరచిపోతాం.

ఈ వ్యయానికి జీతం చాలక బ్రౌన్ అప్పులపాలయ్యారు. 1834లో ఉద్యోగం పోయింది. ఇంగ్లండు వెళ్ళినా అలవాటు మానలేదు. లండన్‌లోని కంపెనీ గ్రంథాలయంలో, జాన్ లీడెన్ సేకరించిన దక్షిణ భారత వ్రాతప్రతులు ఎవరూ ముట్టక పడి ఉండటం చూశారు. అధికారులను ఒప్పించి వాటిని మద్రాసుకు పంపే ఏర్పాటు చేశారు. 1838లో తిరిగి వచ్చాక తన సేకరణను మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించారు. అనంతరం ఈ రెండు సేకరణలూ మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. ఏళ్ళ తరబడి సమకూర్చిన పదసంపద నుండి 1852లో ఆయన నిఘంటువు రూపొందింది. కావ్యభాషతోపాటు జనం మాటలకూ అందులో చోటు దక్కింది.

1855లో స్వదేశం చేరిన బ్రౌన్, కొంతకాలం లండన్‌లో తెలుగు ఆచార్యులుగా పనిచేసి, 1884 డిసెంబరు 12న మరణించారు.

కడపలో ఆయన బంగళా శిథిలమైపోయింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో చందాలు సేకరించగా, 1987లో ఆ స్థలంలోనే గ్రంథాలయ నిర్మాణానికి పునాది పడింది. తరువాత అది యోగివేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రమైంది.