మాతృమూర్తి ఆన్ జడ్సన్

తామ్వేలో స్థిరపడిన మా పెద్దలవలె బంగాళాఖాతం దాటి వచ్చిన తల్లి శ్రీమతి ఆన్ జడ్సన్. 1789లో అమెరికాలో జన్మించిన ఈమె, మిషనరీ భర్తతో 1813 జూలైలో మద్రాసునుండి రంగూను చేరారు. తొలిబిడ్డ ఓడలోనే దక్కలేదు. కుమారుడు రోజర్ 1816లో ఎనిమిదవ నెలలోనే రంగూనులో కన్నుమూశాడు. అయినా ఆమె బర్మా భాష నేర్చి, స్త్రీలకు బోధిస్తూ సంసారం నడిపారు.

1824 యుద్ధంలో భర్త ఆవాలో ఖైదీ కాగా, జైలుకు అన్నం చేరుస్తూ అధికారులను వేడుకొన్నారు. 1825 జనవరిలో మరియా పుట్టింది. తల్లి జబ్బుపడి పాలింకిపోగా, కాపలావారికి కానుకలిచ్చి భర్తను బయటకు రప్పించుకొన్నారు. ఆ తండ్రి పసికందునెత్తుకొని ఔంగ్‌పిన్లే గ్రామంలోని బాలింతలను పాలు యాచించారు.

1826 అక్టోబరులో ఆన్, ఆరు నెలలకు మరియా గతించారు. ఈ తల్లికి, చనుబాలిచ్చిన ఆ పరాయి తల్లులకు మా జోహార్లు.