చేతగాని కాలికి ఆట నేర్పిన సారు
(హైదరాబాద్ రహీం సాబ్ జీవిత కథ)

 

మన బాస్కెట్‌బాల్ జట్టు మొన్న పోటీలకు పోయి మొదటి ఆటలోనే ఓడి వచ్చింది. ఆ రోజు నుంచి రాత్రి లైటు తీసేదాక మన గదిలో అదే ముచ్చట. ఒకరు బూట్లు లేవన్నరు. ఒకరు అవతలోళ్ళు పొడుగున్నరన్నరు. ఇంకొకరు మన నసీబే అంత అన్నరు. అప్పుడు ఒక తమ్ముడు అడిగిండు, అసలు మన దేశం బాస్కెట్‌బాల్ జట్టు ఎప్పుడన్నా ఒలింపిక్స్‌కు పోయిందా అని.

పోయింది. ఒకే ఒక్కసారి, 1980లో మాస్కోకు. ఆ ఏడు అమెరికా, ఇంకా చాలా దేశాలు ఆ ఒలింపిక్స్‌ను బహిష్కరించాయి. అట్ల ఖాళీ అయిన చోటులో మనకు అవకాశం దొరికింది. 12 జట్లు ఆడితే మనోళ్ళు 12వ స్థానంలో నిలిచిండ్రు. ఆ తర్వాత మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

మరి ఏ జట్టు ఆటలోనైనా మన దేశం కింద పడి, లేచి, పెద్ద పోటీల దాక పోయిందా? హాకీ సంగతి అందరికీ తెలుసు. కాని ఫుట్‌బాల్‌లో కూడా అట్లాంటి కాలం ఒకటి ఉండేదని మనలో చాలామందికి తెలియదు. ఆ జట్టును నడిపిన మనిషి ఎక్కడివారో కాదు. మన కొల్లాపూర్ బస్సు నాగర్‌కర్నూల్, కల్వకుర్తి దాటి పోయి చేరుకునే హైదరాబాద్ వారే. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు. ఆయన ముందు బడిలో సారు. ఆ తర్వాతే దేశానికి కోచ్.

బడి సారు

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పుడు అది నిజాం రాజ్యం. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు, అక్కడి జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. చదువు అయినాక ఉపాధ్యాయుడిగా చేరారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల బళ్ళలో పనిచేశారు. వ్యాయామ విద్యలో కూడా శిక్షణ పొందారు. అంటే మన పీఈటీ సారు చదివినట్టి చదువే. సాయంత్రం పూట తాను కూడా నగరంలోని క్లబ్బు జట్లలో ఆడేవారు.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చనిపోయే వరకు ఆ బాధ్యత వదలలేదు. కార్యదర్శి అంటే కుర్చీలో కూర్చొని సంతకాలు పెట్టే పని అని ఆయన అనుకోలేదు. పిల్లలకు కొత్త కొత్త రకం పోటీలు పెట్టారు. ఒక పోటీలో చేతగాని కాలితోనే బంతి తన్నాలి. కుడికాలు వాటం ఉన్నోడు ఎడమ కాలితోనే ఆడాలన్నమాట. ఇంకొక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి రాగానే తోటివాడికి పాస్ ఇవ్వాల్సిందే.

చూసేవాళ్ళకు ఇది తమాషాగా అనిపించి ఉండవచ్చు. కాని ఆలోచించండి. మంచి ఆటగాడు ఒక్కడే బంతి పట్టుకొని ఉరికితే చప్పట్లు వాడికి వస్తాయి, జట్టు మాత్రం ఓడిపోతుంది. ఆ జబ్బుకు మందు డ్రిబ్లింగ్ లేని ఆట. రెండు కాళ్ళూ పనిచేస్తే అవతలివాడికి మనం ఎటు తిరుగుతామో తెలియదు. దానికి మందు చేతగాని కాలి ఆట. ఇట్ల ఒక్కొక్క లోపానికి ఒక్కొక్క ఆట పెట్టి బాగుచేశారు. ఇది బడి సారు పద్ధతే కదా! లెక్కల్లో తప్పు పోయినోడితోని మళ్ళీ అదే లెక్క చేయించినట్టు.

పోలీసు జట్టు

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పేర్లు చెప్తేనే మిగతా ఊళ్ళ జట్లు భయపడేవి. అట్లాంటి రోజుల్లో మన పోలీసు జట్టు 1950లో డ్యూరాండ్ కప్ గెలిచింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు ఇంటికి తెచ్చింది. కలకత్తావాళ్ళు కూడా హైదరాబాద్ ఆటగాళ్ళ కోసం వెతుక్కుంటూ వచ్చే రోజులు వచ్చాయి.

వట్టి కాళ్ళతో ఒలింపిక్స్

ఇప్పుడు దేశం జట్టు సంగతి చెప్తాను. 1948 లండన్ ఒలింపిక్స్‌కు మన ఫుట్‌బాల్ జట్టు పోయినప్పుడు దాని కెప్టెన్ ఎవరో తెలుసా? తాలిమెరెన్ ఆవో అనే నాగా గిరిజనుడు. డాక్టరు చదువు చదివినవారు. స్వతంత్ర భారత ఫుట్‌బాల్ జట్టుకు తొలి కెప్టెన్ ఒక గిరిజన బిడ్డ! ఈ మాట మన హాస్టల్‌లో ప్రతి ఒక్కరూ గుర్తు పెట్టుకోవాలె. ఆ జట్టులో చాలామంది బూట్లు లేకుండ ఆడిండ్రు. ఫ్రాన్స్ చేతిలో 2-1 తేడాతో ఓడిండ్రు.

1950 ప్రపంచ కప్‌కు మనకు చోటు దొరికింది కాని జట్టు బ్రెజిల్ పోలేదు. బూట్లు లేక పోలేదని ఒక కథ వినబడుతుంది. కాని అప్పటి సంఘం చెప్పిన కారణాల్లో జట్టు ఎంపికలో తేడాలు, తయారీకి సమయం చాలకపోవడం ఉన్నాయి. ఒలింపిక్స్ ముందు ప్రపంచ కప్ వాళ్ళకు పెద్దగా ఆనలేదని కూడా అంటారు. ఆ తర్వాత ఇప్పటి వరకు మనం ప్రపంచ కప్ ఆడనేలేదు.

రహీం సాబ్ దేశం జట్టును తీసుకున్న తొలి రోజుల్లోనే మంచి జరిగింది. 1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్‌లో ఇరాన్‌పై మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో మనకు బంగారు పతకం వచ్చింది.

అంతా బాగుందనుకునే లోపలే 1952 వచ్చింది. హెల్సింకి ఒలింపిక్స్. అక్కడ చలి. మనోళ్ళలో కొందరు ఇంకా వట్టి కాళ్ళతోనే ఉన్నరు. ఎదురుగా యుగోస్లావియా. మొదటి ఆటలోనే 10-1 తేడాతో ఓడిపోయి ఇంటికి వచ్చిండ్రు. పది గోల్లు!

మిత్రులారా, మనలో చాలామందిమి చెప్పులు లేకుండనే పెరిగినం. నల్లమలలో ముళ్ళ మీద, రాళ్ళ మీద ఉరుకుతం. వట్టి కాలు బలమని మనకు గర్వం కూడా ఉంది. ఆ ఆటగాళ్ళకు కూడా అట్లాంటి గర్వమే ఉండెనేమో. బంతి కాలికి అంటుకున్నట్టు ఉండేది వాళ్ళకు. కాని చలి దేశంలో, తడి గడ్డి మీద, బూట్లు తొడిగిన ఆటగాళ్ళ ముందు ఆ గర్వం నిలబడలేదు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు.

రహీం సాబ్ ఆ 10-1ని దాచిపెట్టలేదు, మరిచిపోనూ లేదు. బయటి దేశాలవాళ్ళు మైదానంలో ఎట్ల నిలబడుతున్నరు, ఎవరు ముందుకు పోతున్నరు, ఎవరు వెనుకకు వస్తున్నరు అని చూసి నేర్చుకున్నారు. ఆ రోజుల్లో హంగేరీ జట్టు చేసినట్టు మన సెంటర్ ఫార్వర్డ్‌ను కూడా కొంచెం వెనుకకు దించి ఆడించారు. పొడుగు తన్నుడు తగ్గించి చిన్న పాసులు పెంచారు. మనోళ్ళకు ఎత్తు తక్కువ, బలం తక్కువ. కాని వేగం ఉంది, బంతి మీద చెయ్యి తిరిగిన కాలు ఉంది. ఉన్నదాంతోనే ఆట కట్టారు.

మెల్‌బోర్న్, రోమ్

నాలుగేళ్ళకు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. మొదటి రౌండులో మనతో ఆడాల్సిన హంగేరీ తప్పుకుంది. తర్వాత ఆట ఆస్ట్రేలియాతో, అదీ వాళ్ళ ఊళ్ళోనే. మనం 4-2తో గెలిచినం. నెవిల్ డిసౌజా 3 గోల్లు కొట్టిండు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఆటగాడు హ్యాట్రిక్ చేయడం అదే మొదటిసారి. సెమీఫైనల్‌లో మళ్ళీ ఆ యుగోస్లావియానే! ఈసారి ముందు గోలు కొట్టింది మనమే. చివరికి 4-1తో ఓడినం. పతకం కోసం ఆడిన ఆటలో బల్గేరియా మీద కూడా ఓడి 4వ స్థానంలో నిలిచినం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారతదేశం ఇంతకంటే పైకి ఎప్పుడూ పోలేదు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం లాంటి మన దిక్కు ఆటగాళ్ళు ఉన్నరు.

1960 రోమ్ ఒలింపిక్స్‌కు పోవాలంటే ముందు అర్హత పోటీలు గెలవాలె. అఫ్ఘానిస్తాన్‌ను, ఇండోనేషియాను ఓడించి రోమ్ చేరిండ్రు. అక్కడ పడ్డ గ్రూపు చాలా గట్టిది. హంగేరీ మీద 2-1తో ఓడిండ్రు. ఫ్రాన్స్‌తో 1-1 సమానం చేసిండ్రు. పెరూ మీద 3-1తో ఓడిండ్రు. గ్రూపు దాటలేదు కాని, 8 ఏళ్ళ కింద పది గోల్లు తిన్న దేశం ఇదేనా అని చూసేవాళ్ళు ఆశ్చర్యపోయేటట్టు ఆడిండ్రు.

జకార్తాలో

1962లో జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే రహీం సాబ్‌ను క్యాన్సర్ పట్టుకుంది. అయినా జట్టుతో వెళ్ళారు.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయిలాండ్‌ను, జపాన్‌ను గెలిచిండ్రు. థాయిలాండ్ ఆటలో జర్నైల్ సింగ్ అనే బ్యాక్ ఆటగాడికి తల పగిలి కుట్లు పడ్డాయి. ఇక ఆడడు అనుకున్నరు. కాని రహీం సాబ్ సెమీఫైనల్‌లో అతణ్ణి వెనుక కాకుండ ముందు, ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. అతడు ఒక గోలు కొట్టిండు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచి ఫైనల్ చేరిండ్రు.

సెప్టెంబరు 4న ఫైనల్. మళ్ళీ అదే దక్షిణ కొరియా. మైదానం నిండ జనం, లక్షకు దగ్గర అంటారు. వాళ్ళలో ఎక్కువమంది మనమీద కోపంతో ఉన్నరు. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు రానియ్యలేదు. అది సరికాదని ఒక భారత అధికారి మాట్లాడడం అక్కడి జనానికి కోపం తెప్పించింది. ఆటగాళ్ళ తప్పేమీ లేదు, కాని కేకలు మాత్రం వాళ్ళే పడాల్సి వచ్చింది. అట్లాంటి చోట పీకే బెనర్జీ ఒక గోలు, తలకు కట్టుతోని జర్నైల్ సింగ్ ఒక గోలు కొట్టిండ్రు. చివర్లో కొరియా ఒకటి కొట్టినా 2-1తో బంగారం మనదే అయింది. చునీ గోస్వామి కెప్టెన్. జ్వరం నుంచి లేచిన గోల్‌కీపర్ తంగరాజ్ ఆ రోజు గోలు కాపాడిండు.

ఆ తర్వాత

రహీం సాబ్ 1963 జూన్ 11న కన్నుమూశారు. వయసు 53 ఏళ్ళు. జకార్తా బంగారం వచ్చి ఏడాది కూడా నిండలేదు. ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ జట్టులో ఉన్నారు, తర్వాత అంతర్జాతీయ రెఫరీ అయ్యారు. 2024లో రహీం సాబ్ కథ మైదాన్ అనే హిందీ సినిమాగా వచ్చింది. అంతదాక హైదరాబాద్‌లోనే ఎంతోమందికి ఆయన పేరు తెలియదు.

1964 టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీల్లో మనం ఇరాన్ మీద ఓడినం. 1960 రోమ్ తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు మళ్ళీ పోలేదు. ఆసియా క్రీడల్లో 1970లో కంచు వచ్చింది, అంతే. ఒక్క మనిషి పోతే అంతా పోయిందా అంటే, అది పూర్తి నిజం కాదు. మిగతా దేశాలు ముందుకు పోయినయి. డబ్బు, మైదానాలు, శిక్షణ వాళ్ళకు పెరిగినయి. కాని ఇంకొక సంగతి కూడా ఉంది. రహీం సాబ్ పనిలో కప్పులు చివరికి వచ్చినవి. మొదలు మాత్రం పిల్లల పోటీలు, చేతగాని కాలు, ఓటమిని దాచకుండ చూసుకోవడం. ఆ మొదలును పట్టుకున్నోళ్ళు తర్వాత తక్కువైండ్రు.

మిత్రులారా, మనం ఓడినందుకు చెప్పుకున్న కారణాల్లో కొన్ని నిజమే. బూట్లు కావాలె. వార్డెన్ సారును అడుగుదాం, అడగడంలో తప్పు లేదు. కాని మనలో ఎంతమందిమి ఎడమ చేతితో బంతి కొట్టగలం? ఎంతమందిమి పక్కవాడికి పాస్ ఇచ్చినం? ఆ రోజు ఆట చూసినోళ్ళకు తెలుసు.

అందుకే ఒక విన్నపం. పీఈటీ సారు ఒప్పుకుంటే వచ్చే ఆదివారం సాయంత్రం మన గ్రౌండులో ఒక పోటీ పెట్టుకుందాం. ఎడమ చేతివాటం ఉన్నోళ్ళు కుడిచేతితో, మిగతా అందరూ ఎడమ చేతితో ఆడాలె. 6వ తరగతి తమ్ముళ్ళను కూడా కలుపుకోవాలె. ఎవరు గెలిచినా ఓడినా, ఎక్కడ తప్పు పోయిందో రాసి ఈ గోడపత్రికలోనే అతికిద్దాం. ఆడాలనుకున్నోళ్ళు ఈ కాగితం కింద ఖాళీ జాగలో మీ పేర్లు రాయండి.

– 9వ తరగతి విద్యార్థి