జగదీశ్ చంద్ర బోస్

జగదీశ్ చంద్ర బోస్ (నవంబరు 30, 1858 – నవంబరు 23, 1937) బెంగాలుకు చెందిన ప్రముఖ భౌతిక శాస్త్రవేత్త, వృక్ష శాస్త్రవేత్త. రేడియో తరంగాలపై చేసిన ప్రయోగాలతో ఆయన పేరు మొదట ప్రపంచానికి తెలిసింది. అయితే జీవితంలో ఎక్కువ కాలాన్ని ఆయన మొక్కలకే వెచ్చించాడు. మొక్కను తాకినా, కోసినా, కాల్చినా ఆ సమాచారం దాని దేహంలో విద్యుత్ సంకేతంగా ప్రయాణిస్తుందని ప్రయోగపూర్వకంగా చూపాడు. మొక్కల కణ త్వచాల వద్ద కాల్షియం, దానివల్ల ఉత్తేజితమయ్యే కైనేజ్ ఎంజైములు సంకేతాలను ఎలా అందిస్తాయో నేడు జరుగుతున్న పరిశోధనకు ఆయన కృషి పూర్వరంగం వంటిది.

బాల్యం, విద్యాభ్యాసం

బోస్ మైమెన్‌సింగ్‌లో (నేటి బంగ్లాదేశ్) జన్మించాడు. తండ్రి భగవాన్ చంద్ర బోస్ బ్రహ్మసమాజ సభ్యుడు, ప్రభుత్వోద్యోగి. ఆ హోదాలో ఉన్నవారు పిల్లలను ఆంగ్ల పాఠశాలకు పంపే రోజులలో ఆయన కుమారుని బెంగాలీ బడిలో చేర్చాడు. తరువాత కలకత్తాలోని సెయింట్ జేవియర్స్ కళాశాలలో ఫాదర్ లఫాఁ బోధన వలన బోస్‌కు భౌతిక శాస్త్రంపై ఆసక్తి కలిగింది. 1880లో వైద్యం చదవడానికి లండను వెళ్ళినా, అనారోగ్యం వలన దానిని మాని కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలలో ప్రకృతి శాస్త్రాలు చదివాడు. అక్కడ లార్డ్ రేలీ, వృక్ష శాస్త్రజ్ఞుడు సిడ్నీ వైన్స్ ఆయన గురువులు.

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యునిగా చేరాడు. ఒకే పనికి ఐరోపీయులకు ఒక జీతం, భారతీయులకు అంతకంటే తక్కువ జీతం ఇచ్చేవారు. దీనికి నిరసనగా బోస్ మూడేళ్ళు జీతం ముట్టకుండా పాఠాలు చెప్పాడు. చివరకు ప్రభుత్వం దిగివచ్చి, వెనుకటి బకాయిలతో సహా పూర్తి జీతం చెల్లించింది. 1887లో అబలాదేవితో ఆయన వివాహం జరిగింది.

1895లో కలకత్తాలో అతి తక్కువ తరంగదైర్ఘ్యం గల విద్యుదయస్కాంత తరంగాలను గోడల గుండా పంపి, దూరంగా ఉన్న గంటను మోగించి, తుపాకిమందును పేల్చి చూపాడు.

మొక్కల స్పందనపై పరిశోధనలు

రేడియో గ్రాహకాలు ఎక్కువసేపు పనిచేస్తే అలసినట్లు మందగించడం గమనించిన బోస్ దృష్టి జీవకణాల వైపు మళ్ళింది. 1901 జూన్‌లో లండను రాయల్ సొసైటీ ఎదుట సాధారణ మొక్కలు కూడా ఉద్దీపనకు విద్యుత్ స్పందన చూపుతాయని నిరూపించాడు. శరీరధర్మ శాస్త్రంలో దిగ్గజమైన బర్డన్ శాండర్సన్ దీనిని ఒప్పుకోలేదు. వీనస్ ఫ్లైట్రాప్ వంటి కదిలే మొక్కలో విద్యుత్ మార్పును కొన్ని దశాబ్దాల క్రితమే కొలిచినవాడు ఆయనే కావడం విచిత్రం. వ్యాసం శీర్షికలో 'స్పందన' అనే మాటను మార్చమని ఆయన చేసిన సూచనను బోస్ తిరస్కరించాడు. ఫలితంగా వ్యాసం అచ్చు కాక సొసైటీ భాండాగారంలో ఉండిపోయింది. కొద్ది నెలలకే, ఆనాటి సభలో బోస్‌ను వ్యతిరేకించిన వాలర్ అటువంటి ఫలితాలనే తన పేర ప్రకటించాడు. ఈ కనుగోలులో బోస్‌దే మొదటి స్థానమని అంగీకరించి, 1902లో లిన్నియన్ సొసైటీ ఆయన వ్యాసాన్ని ప్రచురించింది.

ఆ తరువాత బోస్ అత్తిపత్తి, టెలిగ్రాఫ్ మొక్కలపై ప్రయోగాలు చేశాడు. మొక్క పెరుగుదలను వేలరెట్లు పెద్దది చేసి చూపే క్రెస్కోగ్రాఫ్ ఆయన నిర్మించినదే. అత్తిపత్తి కాడను చల్లబరచినా, క్లోరోఫాం తగిలించినా సంకేతం మందగిస్తుందని, ఆగిపోతుందని చూపాడు. కాబట్టి ఇది కేవలం నీటి ఒత్తిడి ప్రయాణం కాదని, జంతువుల నాడి వంటి వ్యవస్థ మొక్కలోనూ ఉన్నదని ఆయన వాదించాడు. 1916లో ఇటలీకి చెందిన రిక్కా అత్తిపత్తి కాండాన్ని తెంపి, రెండు ముక్కలను నీటి గొట్టంతో కలిపినా సంకేతం అవతలికి చేరడం చూపి, ఇది రసాయన పదార్థం పనే అన్నాడు. ఇద్దరూ కొంతవరకు సరియైనవారే. మొక్కలలో నాడులు లేవు, కాని విద్యుత్, రసాయన సంకేతాలు రెండూ ఉన్నాయి. కాండంలోని కణాలు స్పందించడం వల్లనే రసం పైకి ఎక్కుతుందన్న బోస్ సిద్ధాంతం మాత్రం నిలువలేదు. ఈ విషయంలో ఆయన తన ఋజువులను మించి ముందుకు వెళ్ళాడనే చెప్పాలి.

తరువాతి కాలపు పరిశోధనలు

సంకేతాన్ని కొలిచినప్పటికీ కణంలో అది దేనిని కదిలిస్తుందో తెలుసుకొనే సాధనాలు బోస్ కాలంలో లేవు. మామూలు స్థితిలో మొక్క కణద్రవ్యంలో స్వేచ్ఛా కాల్షియం అత్యల్పం. కణం వెలుపల, రిక్తికలో దాని గాఢత వేలరెట్లు ఎక్కువ. ఉద్దీపన తగలగానే త్వచంలోని ద్వారాలు తెరచుకొని కాల్షియం లోపలికి వస్తుంది. ఈ పెరుగుదలను గ్రహించే ఎంజైములలో కాల్షియంపై ఆధారపడిన ప్రోటీన్ కైనేజ్‌లు ముఖ్యమైనవి. సోయాచిక్కుడు నుండి అటువంటిదానిని 1987లో శుద్ధిచేశారు. కాల్షియాన్ని పట్టే భాగం, ఫాస్ఫేటును తగిలించే భాగం ఒకే అణువులో ఉండడం దీని ప్రత్యేకత. కాల్షియం లేనప్పుడు అణువులోని ఒక అడ్డుభాగం ఎంజైమును ఆపి ఉంచుతుంది. వీటిలో చాలా వాటికి కొవ్వు ఆమ్లపు తోక ఉండి, త్వచానికి అంటుకొనడానికి తోడ్పడుతుంది. ఈ ఎంజైములు మొక్కలలోను, మలేరియా పరాన్నజీవి వంటి కొన్ని ఏకకణ జీవులలోను ఉన్నాయి, మనుషులలో లేవు. అందుచేత మలేరియా మందుల అన్వేషణలోనూ వీటికి ప్రాధాన్యత ఉంది. లిపిడ్ కైనేజ్‌లు ప్రోటీన్లకు బదులు త్వచంలోని కొవ్వు అణువులకే ఫాస్ఫేటును చేర్చి, ఫాస్ఫాటిడిక్ ఆమ్లం వంటి సంకేతకాలను తయారుచేస్తాయి.

2022లో జపాను శాస్త్రవేత్తలు కాల్షియం సోకితే మెరిసే ప్రోటీన్ కలిగిన అత్తిపత్తి మొక్కలను తయారుచేశారు. ఆకును గాయపరిస్తే కాల్షియం, విద్యుత్ సంకేతాలు కలిసి ప్రయాణించాయి. ఉబ్బిన పత్రపీఠానికి కాల్షియం చేరిన దాదాపు 0.1 సెకనుకు ఆకు ముడుచుకొన్నది. ముడుచుకోలేని మొక్కలను మిడతలు ఎక్కువగా తిన్నాయి.

చివరి సంవత్సరాలు

1915లో ఉద్యోగ విరమణ చేసిన బోస్‌కు 1917లో సర్ బిరుదు లభించింది. అదే ఏడాది నవంబరు 30న, తన జన్మదినాన, కలకత్తాలో బోస్ పరిశోధన సంస్థను స్థాపించాడు. 1920లో వాలర్ క్రెస్కోగ్రాఫ్‌పై మళ్ళీ సందేహాలు లేవనెత్తగా, లండనులో నిపుణుల సమక్షంలో దానిని పనిచేయించి చూపాడు. ఒకప్పుడు తన వ్యాసాన్ని పక్కన పెట్టిన రాయల్ సొసైటీకి అదే సంవత్సరం సభ్యుడయ్యాడు. 1937 నవంబరు 23న గిరిడీలో మరణించాడు.