చిల్లుల అట్టలు

సెలవుల్లో కాశీబుగ్గలో ఒక షాపులో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్ దగ్గర కూర్చున్నా. డిజైన్ ఫైల్ చేయడం నా పని. మొదటి ప్రయోగం మామిడి పిందె. (మా ఉద్దానంలో దాన్ని చూస్తే జీడిపిక్కే గుర్తొస్తుంది లెండి.) కుట్లు మరీ దగ్గర దగ్గరగా పెట్టేశా, గుడ్డ కింద గట్టి కాగితం వేయలేదు. గుడ్డంతా ముడుచుకుపోయి పిందె కాస్తా వడిలిపోయింది. తప్పెక్కడో చూద్దామని డీఎస్‌టీ ఫైల్ విప్పితే లోపల బొమ్మే లేదు! ఒక్కో కుట్టుకి మూడు బైట్లు. గుడ్డ ఎటు, ఎంత జరగాలో అంతే. ఈ ఐడియా మొదట ఎవరికొచ్చిందా అని వెనక్కి వెళ్తే జోసెఫ్ మేరీ జకార్డ్ దొరికాడు. మన నేత ఊళ్ళలో మగ్గం పైన ఉండే జకార్డు పెట్టెకి ఇతని పేరే. నేనైతే ఏదో కంపెనీ పేరనుకున్నా.

1752లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పుట్టాడు. పట్టు నేసే ఊరు అది. తండ్రి నేతగాడు. జకార్డ్ బడికి పోలేదు, పదమూడేళ్ళు వచ్చాకే చదవడం నేర్చుకున్నాడు. అప్పట్లో పూల డిజైన్ నేయాలంటే ఒక గుంటడు మగ్గం దగ్గరుండి రోజంతా తాళ్ళు లాగాలి. ఏ పోగులు లేవాలో ఆ పోగుల తాళ్ళే లాగాలి, ఒకటి తప్పినా పువ్వు పాడే. చిన్నప్పుడు జకార్డ్ కూడా ఆ పని చేశాడంటారు.

తండ్రి పోయాక ఇల్లూ మగ్గాలూ చేతికొచ్చాయి. కొన్నేళ్ళకే అప్పుల్లో కరిగిపోయాయి. 1793లో విప్లవ ప్రభుత్వ సైన్యం లియోన్‌ని ముట్టడిస్తే ఊరి తరఫున నిలబడ్డాడు. ఊరు ఓడిపోయాక కొడుకుతో పారిపోయి సైన్యంలో చేరాడు. యుద్ధంలో ఆ ఒక్క కొడుకూ చనిపోయాడు. అసలు పనంతా ఆ తర్వాతే చేశాడు, యాభై ఏళ్ళ వయసులో. మనం ఇరవైకే లేట్ అయిపోయామని ఏడుస్తుంటాం.

1804 నాటికి మగ్గం తయారైంది. నిజం చెప్పాలంటే చిల్లుల ఐడియా పూర్తిగా ఇతనిది కాదు. 1725లో బూషోన్ చిల్లుల కాగితం వాడాడు, తర్వాత ఫాల్కన్ అట్టలు తెచ్చాడు, వొకాన్సన్ మగ్గాన్ని జకార్డ్ పారిస్‌లో చూశాడు. అన్నీ కలిపి పనిచేసేలా చేసింది మాత్రం ఇతనే. పద్ధతి సింపుల్. అట్టలో చిల్లు ఉంటే సూది దూరుతుంది, దాని కొక్కెం పడుగు పోగుని పైకెత్తుతుంది. చిల్లు లేకపోతే పోగు లేవదు. ఒక అట్టకి ఒక పేక. అట్టల దండ మారిస్తే డిజైన్ మారిపోతుంది, మగ్గం అదే. మన లాంగ్వేజ్‌లో ఒకటి, సున్నా.

1805లో నెపోలియన్ ప్రభుత్వం మగ్గాన్ని అందరిదీ చేసి, ఇతనికి పెన్షన్ ఇచ్చింది. లియోన్ నేతగాళ్ళకి మాత్రం కడుపు మండింది. తాళ్ళు లాగే గుంటలకి పనెక్కడిది? మగ్గాలు విరగ్గొట్టారు, తగలబెట్టారు, ఇతని మీదికీ వచ్చారు. అయినా 1812 కల్లా ఫ్రాన్స్‌లో ఇలాంటివి 11,000 దాకా నడిచాయంటారు. 1834లో చనిపోయాడు. 1839లో ఇతని బొమ్మనే పట్టు మీద నేశారు, దానికి 24,000 అట్టలు పట్టాయి. అలాంటిదొకటి లండన్‌లో బాబేజ్ ఇంట్లో ఉండేది. ఆయన ఎనలిటికల్ ఇంజిన్‌కి అట్టలు ఇక్కడి నుంచే తీసుకున్నాడు. ఎంబ్రాయిడరీ మెషిన్లకీ తర్వాత చిల్లుల కార్డులే వచ్చాయి.

ఆ మగ్గాలు తగలబెట్టిన భాగం దగ్గరే ఆగిపోయాను. 2018లో తిత్లీ తుపానుకి మా కొబ్బరి చెట్లు పడిపోయాక అమ్మ మగ్గం వర్క్ నేర్చుకుంది. ఇప్పటికీ మా ఇల్లు నడిచేది దాంతోనే. ఒక జాకెట్టు చేతులకి రెండు రోజులు వంగి కూర్చుంటుంది. నేను సరిచేసిన ఫైల్‌తో మెషిన్ అలాంటి పిందెల వరస గంటలోపే కుట్టేసింది.

ఆ ముక్క ఇంటికి తెచ్చి చూపించా. అమ్మ తిప్పి వెనకవైపు కుట్లు చూసింది. షాపులో ఎంత తీసుకుంటారో అడిగింది. చెప్పాను. పూసలు కూడా పెడుతుందా అని అడిగింది. మా షాపు మెషిన్ పెట్టదు. ఇప్పటికైతే.