వెల్లకిలా పడితే ఓటమేనా? జపాన్ నుంచి అమెజాన్ దాకా మిత్సుయో మయెదా ప్రయాణం

1905 ఫిబ్రవరి. అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో ఇద్దరు జపనీయులు తమ విద్య చూపించడానికి వచ్చారు. పెద్దాయన త్సునెజిరో తోమితా. ఆయన వెంట వచ్చిన యువకుడు మిత్సుయో మయెదా. ప్రదర్శన అయ్యాక క్యాడెట్లు తమతో తలపడమని అడిగారు. మయెదా ఒకడిని సులువుగానే ఎత్తి పడేశాడు. తర్వాత తోమితా మీదికి ఫుట్‌బాల్ ఆడే భారీ క్యాడెట్ ఒకడు వచ్చాడు. తోమితా తనకు తానే వెల్లకిలా పడుతూ, ప్రత్యర్థి పొట్టకు పాదం ఆనించి తల మీదుగా విసిరే ఎత్తు వేశాడు. రెండుసార్లు ప్రయత్నించినా ఆ క్యాడెట్ లేవలేదు. తోమితా మాత్రం కింద ఉండిపోయాడు.

చూసేవాళ్లకు అదే ఫలితం. పైన ఉన్నవాడు గెలిచాడు, కిందవాడు ఓడాడు.

మనకూ అలాగే అనిపిస్తుంది. మన కుస్తీలో వీపు మట్టికి తగిలితే పోటీ అయిపోయినట్టే. మట్టి కరిపించడం అనే మాట అక్కడి నుంచే ఊళ్లలోకి, రాజకీయాల్లోకి వచ్చింది. కానీ ఆ రోజు వెస్ట్ పాయింట్‌లో ఉన్న ఇరవై ఆరేళ్ల మయెదా ఆ తర్వాతి జీవితమంతా తిరిగి, చివరికి బ్రెజిల్ అడవుల అంచున స్థిరపడ్డాడు. ఆయన అక్కడ విత్తిన విద్యలో వెల్లకిలా పడటం ఓటమి కాదు. అక్కడి నుంచే సగం ఆట మొదలవుతుంది.

చిన్నవాడు, చిన్న గురువు

మయెదా 1878 నవంబర్ 18న ఉత్తర జపాన్‌లోని అమోరి ప్రాంతంలో, హిరొసాకి దగ్గరి ఫునజావా గ్రామంలో పుట్టాడు. చిన్నప్పుడు సుమో ఆడాడు. అయితే సుమోకు కావాల్సిన ఒళ్లు ఆయనకు రాలేదు. ఎత్తు 164 సెంటీమీటర్లు, బరువు 70 కిలోలకు అటూఇటూ. పదిహేడేళ్లప్పుడు చదువు కోసం టోక్యో వెళ్లి, 1897లో కోడోకాన్‌లో చేరాడు.

కోడోకాన్ అంటే జిగోరో కానో 1882లో ఒక బౌద్ధాలయంలో మొదలుపెట్టిన జూడో పాఠశాల. పాత జుజుత్సు సంప్రదాయాల్లోంచి ప్రమాదకరమైనవి తీసేసి, నిజంగా ఎదిరించే ప్రత్యర్థి మీద రోజూ సాధన చేయగలిగే పద్ధతిని కానో తయారుచేశాడు. మయెదాను అప్పగించింది తోమితాకు. కోడోకాన్ తొలి విద్యార్థి ఆయనే, గురువుల్లో చిన్న శరీరం ఉన్నవాడూ ఆయనే.

అప్పట్లో కోడోకాన్ బలమంతా విసుర్లలోనే. నేల మీది పోరు వారి బలహీనత. ఆ సంగతి ఫుసెన్ సంప్రదాయానికి చెందిన మతయెమొన్ తనబె బయటపెట్టాడు. విసిరించుకోకుండా ముందే నేల మీదికి దిగి, కింద నుంచే మెడకో కాలికో పట్టు బిగించి కోడోకాన్ వాళ్లను ఇబ్బంది పెట్టాడు. ఆ దెబ్బ తర్వాత కోడోకాన్ నేల పోరును గంభీరంగా తీసుకుంది. మయెదా ఎదిగింది ఈ మార్పు జరుగుతున్న కాలంలోనే.

పందేల బాట

1904 చివర్లో తోమితాతో కలిసి మయెదా అమెరికా చేరాడు. రష్యాతో జపాన్ యుద్ధం సాగుతున్న రోజులవి. చిన్న దేశం పెద్ద దేశాన్ని ఎలా నిలువరిస్తోందన్న కుతూహలం ప్రపంచమంతా ఉంది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ స్వయంగా ఒక కోడోకాన్ గురువు దగ్గర పాఠాలు నేర్చుకుంటున్నాడు. అయినా ప్రదర్శనలతో పూట గడవలేదు. తోమితాతో దారులు విడిపోయాయి. మయెదా డబ్బు పందేల కుస్తీలోకి దిగాడు. జూడోను విద్యగా చూసిన కానో ఆదర్శానికి ఇది దగ్గరగా లేదు. అయినా కోడోకాన్ ఆయనను వదిలేయలేదు. 1912లో ఐదో డాన్, 1929లో ఆరో డాన్ ఇచ్చింది.

1907లో బ్రిటన్ చేరాడు. 1908 మొదట్లో లండన్ అల్హాంబ్రా థియేటర్‌లో పెద్ద కుస్తీ పోటీ జరిగింది. నియమాలు పాశ్చాత్య కుస్తీవి, భుజాలు నేలకు తగిలితే ఓటమి. మయెదా మధ్య బరువు విభాగంలోనూ, తనకంటే ఎంతో భారీవాళ్లున్న విభాగంలోనూ దిగాడు. చాలామందిని దాటి చివరిదాకా వచ్చి హెన్రీ ఇర్‌స్లింగర్ చేతిలో, జిమ్మీ ఎస్సన్ చేతిలో ఓడాడు. తన విద్యలో సగం పనికిరాని నియమాల కింద అంత దూరం వచ్చాడన్నది గమనించాలి.

రెండేళ్లకు, 1910లో, అదే థియేటర్‌లో మన గామా పహిల్వాన్ అమెరికన్ మల్లుడు రోలర్‌ను ఓడించాడు. తర్వాత పోలండ్ మల్లుడు జ్బిష్కోతో పోటీలో విచిత్రం జరిగింది. గామా కింద పడేయగానే జ్బిష్కో బోర్లా నేలను కరుచుకుని రెండున్నర గంటలకు పైగా అలాగే ఉండిపోయాడు. వీపు తగలకపోతే ఓటమి లేదు కదా. కుస్తీలో కిందవాడు ప్రత్యర్థికి వీపు అప్పగించి నేలను చూస్తాడు. జుజుత్సులో కిందవాడు వీపును నేలకు అప్పగించి ప్రత్యర్థిని చూస్తాడు. కింద నుంచి గెలవడం ఆ రెండో పద్ధతిలోనే కుదురుతుంది. రెండు చేతులతో పాటు రెండు కాళ్లూ ఆయుధాలవుతాయి.

మయెదాకు సమకాలికుడు మన కోడి రామమూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాము నేర్చి, సర్కస్ పెట్టి దేశదేశాలు తిరిగాడు. ఛాతీ మీద ఏనుగును నడిపించుకున్నదీ వెల్లకిలా పడుకునే. ఆయన చూపించింది బరువును భరించడం. మయెదా విద్య చూపించింది బరువును పక్కకు మళ్లించడం. ఇద్దరి బతుకూ టికెట్ కొని వచ్చే జనం మీదే నడిచింది.

కోండే కోమా

1908లో స్పెయిన్‌లో ఆయనకు కోండే కోమా అనే పేరు వచ్చింది. కోండే అంటే ఆ భాషలో ప్రభువు. కోమా అన్నది ఇబ్బందుల్లో ఉన్నాననే అర్థమిచ్చే జపాన్ మాట నుంచి ఆయనే తుంచి పెట్టుకున్న ముక్క. చేతిలో డబ్బులేని ప్రభువు అన్నమాట. ఆ పేరుతోనే క్యూబా, మెక్సికో, మధ్య అమెరికా, పెరూ, చిలీ, అర్జెంటీనా తిరిగాడు. మెక్సికో సిటీలో తాను పడేయలేకపోయిన వాడికి 100 పెసోలు, తనను పడేసినవాడికి 500 పెసోలు ఇస్తానని పందెం కాశాడు. 1914 నవంబర్‌లో సహచరుడు సతాకేతో పాటు బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రె చేరాడు. ఊరూరా ప్రదర్శనలిస్తూ ఉత్తరాన అమెజాన్ నది దాకా వెళ్లి, చివరికి బెలెం నగరంలో ఆగాడు.

అప్పటికి ఆయన పోరు పద్ధతి స్థిరపడింది. తక్కువ ఎత్తులో తన్ని, మోచేత్తో కొట్టి దగ్గరకు చేరడం, దగ్గరయ్యాక నేల మీదికి తేవడం, నేల మీద కీలో గొంతో పట్టి ముగించడం. జనానికి తెలిసిన పేరు జుజుత్సు కనుక తన విద్యనూ ఆ పేరుతోనే పిలిచాడు. జూడో నుంచి పుట్టిన విద్యను బ్రెజిల్ ఈనాటికీ జుజుత్సు అంటున్నది అందుకే.

గ్రేసీల చేతిలో

బెలెంలో గస్తావ్ గ్రేసీ అనే వ్యాపారి ఉండేవాడు. ఆయన పెద్ద కొడుకు కార్లోస్ 1917లో మయెదా ప్రదర్శన చూసి శిష్యరికం మొదలుపెట్టాడు. కొన్నేళ్లకే ఆ కుటుంబం రియో వెళ్లిపోయింది. మయెదా కూడా ఆ ఏళ్లలో తరచూ ప్రయాణాల్లోనే ఉన్నాడు. కార్లోస్ నుంచి తమ్ముళ్లకు, వాళ్లలో బక్కపలచని ఎలియోకు ఆ విద్య చేరింది. ఎలియో 1913లో పుట్టాడు. మయెదా దగ్గర నేరుగా నేర్చుకోలేదు.

కింద నుంచి పోరాడే పద్ధతిని ఎలియోనే కనిపెట్టాడని తర్వాత ప్రచారమైంది. అది సగం నిజం కూడా కాదు. కాళ్ల మధ్య ప్రత్యర్థిని పట్టి ఉంచడం జపాన్‌లో పాతదే. పైగా మయెదా దేశం విడిచాక, 1914 నుంచి, అక్కడి ఉన్నత పాఠశాలల కోసెన్ పోటీల్లో నేల పోరు విపరీతంగా పెరిగింది. కాళ్లను త్రికోణంగా ముడివేసి మెడ బిగించే పట్టు పదునెక్కింది అక్కడే. మయెదా 1904లోనే వచ్చేశాడు కాబట్టి ఆ ఎదుగుదలను చూడలేదు. ఆయన తెచ్చింది విత్తనం. అది జపాన్‌లో ఒక రకంగా, బ్రెజిల్‌లో మరో రకంగా మొలిచింది. 1925 ప్రాంతంలో కోడోకాన్ నేరుగా నేల మీదికి దిగడాన్ని కట్టడి చేసింది. రియోలో అలాంటి అడ్డు లేదు. గ్రేసీలకు దక్కాల్సిన గొప్ప అదే: సమయ పరిమితి, బరువు పరిమితి లేని పోటీల్లో చిన్నవాడు కింద నుంచి ఎంతసేపు నిలవగలడో దశాబ్దాల పాటు పరీక్షించారు.

ఒకటి పోకముందే మరొకటి

ఆ పరీక్షల ఫలితమే నేటి గార్డ్. గార్డ్ అంటే కిందవాడు తన కాళ్లను తనకూ పైవాడికీ మధ్య కంచెగా నిలపడం. నడుము చుట్టూ కాళ్లు వేసి మడమలు ముడివేస్తే క్లోజ్డ్ గార్డ్. పైవాడు లేచి నిలబడి ఆ ముడి విప్పుతాడు. విప్పేదాకా ఆగితే ఆలస్యమే. ముడి సడలుతుండగానే కిందవాడు ప్రత్యర్థి చొక్కా చేతులు పట్టి, ఒక పాదం తుంటికి, మరో పాదం దండకు ఆనించాలి. అది స్పైడర్ గార్డ్. అతను చేతులు విదిలించి వెనక్కి జరిగితే అతని ముందు కాలికి బయటి నుంచి పాదం కొక్కెంలా వేసి మడమ పట్టుకోవడం ఉంది. 1980లలో దీన్ని పోటీల్లో నిలబెట్టిన రికార్డో డి లా రివా పేరే దానికి స్థిరపడింది. అతను ఒక కాలు దాటి మీద పడితే, రెండో కాలిని మన కాళ్ల మధ్య ఇరికించడం హాఫ్ గార్డ్. ఒకప్పుడు ఓటమికి ముందు మెట్టు అనుకున్న ఈ స్థితిని, మోకాలి గాయంతో మరో దారిలేని రొబెర్తో కొర్రెయా 1990లలో ఎదురుదాడిగా మార్చాడు. అక్కడ పక్కకు తిరిగి, చంక కింద చేయి దూర్చి, లేచి కూర్చుని, రెండు పాదాలు ప్రత్యర్థి తొడల కింద పెడితే బటర్‌ఫ్లై గార్డ్. అక్కడి నుంచి అతన్ని ఎత్తి తిప్పి పడేయవచ్చు.

వీటన్నిటినీ కలిపే కదలిక ఒకటే. పాదం నేలకు తన్ని, నడుమును రొయ్యలా వెనక్కి విదిలించి జాగా సృష్టించడం. జపనీయులూ దాన్ని రొయ్య అనే పిలుస్తారు. సూత్రమూ ఒకటే. ఒక పట్టు పోయాక ఇంకొకటి వెతకకూడదు, పోతుందని తెలిసిన క్షణానే రెండోది అందుకోవాలి.

వీటిలో చాలా పేర్లు మయెదాకు తెలియవు. కింద ఉన్నవాడికి ఇంకా ఆట మిగిలే ఉందనే సంగతి మాత్రం ఆ తరం గురువుల నుంచే వెళ్లింది.

చివరి ఊరు

వయసు మీదపడ్డాక మయెదా పందేలు తగ్గించాడు. 1921లో బెలెంలో పాఠశాల తెరిచాడు. 1920ల మధ్య నుంచి ఆయన మనసు మరో పని మీదికి మళ్లింది. జపాన్ నుంచి పేద రైతు కుటుంబాలను అమెజాన్ ప్రాంతంలో స్థిరపరచడం. పారా రాష్ట్ర ప్రభుత్వానికీ జపాన్ కంపెనీకీ మధ్య నిలిచి ఏర్పాట్లలో సాయపడ్డాడు. 1929లో తోమె-అసులో తొలి కుటుంబాలు దిగాయి. ఆరంభం దారుణం. మలేరియా ఎందరినో తీసుకుపోయింది, వేసిన పంటలకు ధర రాలేదు, చాలామంది ఊరు విడిచారు. 1933లో సింగపూర్ నుంచి తెచ్చిన మిరియపు తీగలు యుద్ధం తర్వాత ఆ ఊరిని నిలబెట్టాయి. అది చూడటానికి మయెదా లేడు.

బ్రెజిల్ పౌరసత్వం తీసుకున్న ఆయన 1941 నవంబర్ 28న మూత్రపిండాల జబ్బుతో బెలెంలో మరణించాడు. ఆ ముందు రోజే టోక్యోలో కోడోకాన్ ఆయనకు ఏడో డాన్ ప్రకటించింది. ఆ కబురు ఆయనకు అందలేదు. తొమ్మిది రోజులకు పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. మరుసటి ఏడాది బ్రెజిల్, ఆయన నిలబెట్టాలని తాపత్రయపడిన ఆ జపనీయుల ఊరినే నిర్బంధ శిబిరంగా మార్చింది. యుద్ధం ముగిసేదాకా వాళ్లు అక్కడే, తాము నరికి చదును చేసిన నేల మీదే బందీలుగా ఉన్నారు.

1956లో హిరొసాకిలో ఆయన స్మారకం వెలిసింది. అప్పటికి ఆయన ఊరు విడిచి అరవై ఏళ్లు. తిరిగి ఎన్నడూ అక్కడ స్థిరపడలేదు.