మోక్షగుండం విశ్వేశ్వరయ్య

మోక్షగుండం విశ్వేశ్వరయ్య (1860 సెప్టెంబరు 15 – 1962 ఏప్రిల్) సుప్రసిద్ధ భారతీయ ఇంజనీరు, పరిపాలనాదక్షుడు, ఆర్థిక ప్రణాళికావేత్త. ఆనకట్టల నిర్మాతగా ఆయనను ఎరుగనివారు అరుదు. అయితే 1912 నుండి 1918 వరకు మైసూరు సంస్థాన దివానుగా ఆయన చేసిన మరొక పని అంతగా ప్రచారం పొందలేదు. ప్రభుత్వమంటే పన్నులు వసూలు చేసి శాంతిభద్రతలు కాపాడేది మాత్రమే అని భావించే కాలంలో, స్థానిక వర్తకులకు, పరిశ్రమలకు సమాచారం, అప్పు, శిక్షణ, యంత్రాలు సమకూర్చడం కూడా ప్రభుత్వ బాధ్యతే అని ఆయన నమ్మాడు. అందుకు అవసరమైన సంస్థలను వరుసగా నెలకొల్పాడు.

బాల్యం, విద్య

విశ్వేశ్వరయ్య నాటి మైసూరు సంస్థానంలో, చిక్కబళ్ళాపురం సమీపంలోని ముద్దేనహళ్ళి గ్రామంలో జన్మించాడు. కొన్ని చోట్ల ఆయన జన్మ సంవత్సరం 1861గా కనిపిస్తుంది. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. వీరి పూర్వీకులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం నుండి మైసూరు సీమకు వలస వెళ్ళిన తెలుగువారు. ఆ ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచింది.

చిన్నతనంలోనే తండ్రి మరణించడంతో కుటుంబానికి ఆర్థికంగా ఇబ్బందులు ఏర్పడ్డాయి. విశ్వేశ్వరయ్య బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పి సంపాదించుకుంటూ సెంట్రల్ కళాశాలలో చదివి 1881లో బి.ఏ. పట్టా పొందాడు. తరువాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథముడిగా ఉత్తీర్ణుడయ్యాడు. ప్రభుత్వ సహాయం అందితే సామాన్య కుటుంబంలోని విద్యార్థి ఎంత ఎత్తుకు ఎదగగలడో ఆయన తన జీవితంలోనే చూశాడు.

ఇంజనీరుగా

1884లో బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరిన విశ్వేశ్వరయ్య సుమారు పాతికేళ్ళు అక్కడ పనిచేశాడు. సింధులోని సుక్కూరు పట్టణానికి నీటి సరఫరా, పూనా సమీపంలోని ఖడక్వాస్లా జలాశయానికి తనంతట తానే తెరుచుకొనే తలుపులు, కాలువ నీటిని పంటల వారీగా పంచే పద్ధతి ఆయనకు పేరు తెచ్చాయి.

1908 సెప్టెంబరులో మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాదు నగరాన్ని ముంచెత్తి వేలాది ప్రాణాలను బలిగొన్నది. నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై 1909లో హైదరాబాదుకు వచ్చిన విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువన జలాశయాలు నిర్మించి వరదను అక్కడే నిలిపివేయాలని సూచించాడు. తరువాతి కాలంలో నిర్మించిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలకు ఈ సూచనే ఆధారం. అవి నగరానికి వరద రక్షణతో పాటు మంచినీటిని కూడా అందించాయి.

1909 చివర మైసూరు సంస్థాన ప్రధాన ఇంజనీరుగా చేరి, 1911లో కావేరి నదిపై కృష్ణరాజసాగర నిర్మాణాన్ని ప్రారంభింపజేశాడు. పొలాలకు నీటితో పాటు, శివసముద్రం విద్యుత్కేంద్రానికి వేసవిలో కూడా తగిన నీరు అందించడం ఈ ఆనకట్ట ఉద్దేశం. ఆ విద్యుత్తు మీద కోలారు బంగారు గనులు, ఆ గనుల మీద సంస్థాన ఆదాయంలో కొంత భాగం ఆధారపడి ఉండేవి. అందువల్ల ఈ నిర్మాణాన్ని ఆయన కేవలం ఇంజనీరు దృష్టితో కాక ఆర్థిక దృష్టితో కూడా చూశాడు.

నాటి ప్రభుత్వ విధానం

విశ్వేశ్వరయ్య కృషిని అర్థం చేసుకోవడానికి నాటి బ్రిటిషు ఇండియాలోని పరిస్థితిని తెలుసుకోవాలి. పరిశ్రమల స్థాపన ప్రైవేటు వ్యక్తుల పని అనీ, అందులో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదనీ లండనులోని ఇండియా మంత్రి కార్యాలయం భావించేది. మద్రాసు రాజధానిలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అనే అధికారి అల్యూమినియం పాత్రల తయారీ, తోళ్ళను క్రోము పద్ధతిలో ఊనడం వంటి కొత్త పనులను ప్రభుత్వం తరఫున ప్రారంభించాడు. వీటి ఆధారంగా మద్రాసు ప్రభుత్వం ప్రత్యేకంగా పరిశ్రమల శాఖను ఏర్పాటు చేసింది. కాని ప్రైవేటు వ్యాపారానికి ప్రభుత్వం పోటీ కారాదంటూ 1910లో ఇండియా మంత్రి లార్డ్ మార్లే ఆ శాఖకు ఆమోదం నిరాకరించాడు. తెలుగు జిల్లాలలో అధిక భాగం నాడు మద్రాసు రాజధానిలోనే ఉండేవి కనుక, ఈ నిర్ణయం ఫలితం వాటిపై కూడా పడింది.

మైసూరు వంటి స్వదేశ సంస్థానాలకు ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉండేది. 1898లో జపాను దేశాన్ని సందర్శించిన విశ్వేశ్వరయ్య, అక్కడి ప్రభుత్వం పాఠశాలల ద్వారా, పరిశ్రమల ద్వారా ఒక్క తరంలోనే దేశాన్ని మార్చివేసిన తీరును గమనించాడు. ఆ వెసులుబాటును వినియోగించుకొని అదే మార్గాన్ని మైసూరులో అనుసరించాలని ఆయన ఆశించాడు.

మైసూరు ఆర్థిక సమావేశం

ప్రధాన ఇంజనీరుగా ఉన్నప్పుడే విశ్వేశ్వరయ్య చేసిన సూచన మేరకు మహారాజా నాలుగవ కృష్ణరాజ ఒడయారు 1911లో మైసూరు ఆర్థిక సమావేశాన్ని ప్రారంభించాడు. పేరుకు సమావేశమే అయినా ఇది ఏడాది పొడవునా పనిచేసే సంస్థ. ఉద్యోగులతో పాటు భూస్వాములు, వర్తకులు, విద్యావంతులు ఇందులో సభ్యులుగా ఉండేవారు. విద్య, వ్యవసాయం, పరిశ్రమలు-వాణిజ్యం అనే మూడు విషయాలకు మూడు సంఘాలు ఏర్పడ్డాయి. తరువాత జిల్లాలలోను, తాలూకాలలోను కూడా సంఘాలు నెలకొన్నాయి.

ఏ ప్రాంతంలో ఏ ముడిసరుకు దొరుకుతుంది, ఏ వృత్తి క్షీణిస్తోంది, ఏ సరుకు బయటినుండి దిగుమతి అవుతోంది వంటి విషయాలను సేకరించడం, ప్రభుత్వం చేపట్టవలసిన పనులను సూచించడం ఈ సంఘాల బాధ్యత. లెక్కలు లేనిదే ప్రణాళిక లేదన్నది విశ్వేశ్వరయ్య దృఢ విశ్వాసం.

పరిశ్రమలు, వాణిజ్య శాఖ

1912 నవంబరులో విశ్వేశ్వరయ్య దివాను అయ్యాడు. మరుసటి సంవత్సరం సంస్థానంలో పరిశ్రమలు, వాణిజ్య శాఖ ఏర్పడింది. మద్రాసులో దారి మూసుకుపోయిన ఛాటర్టన్‌నే మైసూరు ప్రభుత్వం ఈ పనికి నియమించింది. ఒక చోట వద్దన్న విధానం పొరుగున ఉన్న సంస్థానంలో అమలైంది.

నీరు తోడే యంత్రాలు, బియ్యపు మిల్లులు, చెరకు గానుగలు పెట్టదలచినవారికి అంచనాలు తయారు చేసి ఇవ్వడం, యంత్రాల కొనుగోలుకు అప్పు ఇప్పించడం, వాటిని బిగించడంలో సహాయపడటం ఈ శాఖ పనులు. పట్టుపురుగుల పెంపకాన్ని మెరుగుపరచడానికి ఇటలీ నుండి నిపుణుని రప్పించారు. ప్రైవేటు పెట్టుబడి ముందుకు రాని చోట ప్రభుత్వమే తొలి కర్మాగారాన్ని స్థాపించి దారి చూపాలన్నది విశ్వేశ్వరయ్య అభిప్రాయం.

మైసూరు బ్యాంకు

వర్తకులకు అప్పు దొరకడం నాడు పెద్ద సమస్య. విశ్వేశ్వరయ్య అధ్యక్షతన ఏర్పడిన బ్యాంకింగు సంఘం సిఫారసుపై, మహారాజు ప్రోత్సాహంతో 1913 అక్టోబరు 2న బెంగుళూరులో మైసూరు బ్యాంకు ప్రారంభమైంది. ఇది అత్యంత క్లిష్ట సమయం. సరిగ్గా ఆ రోజులలోనే లాహోరులోని పీపుల్స్ బ్యాంకు చెల్లింపులు నిలిపివేయగా, ఆ వెంటనే ఉత్తర, పశ్చిమ భారతదేశాలలో అనేక స్వదేశీ బ్యాంకులు వరుసగా మూతపడ్డాయి. దాచుకున్న సొమ్ము పోగొట్టుకొన్న ప్రజలకు బ్యాంకులపై నమ్మకం సడలింది. అటువంటి వేళ ప్రారంభమైన కొత్త బ్యాంకుకు సంస్థాన ప్రభుత్వ ఆదరణ పెద్ద అండ అయింది.

ఈ బ్యాంకు 1960లో భారతీయ స్టేట్ బ్యాంకుకు అనుబంధ సంస్థగా మారి, మైసూరు స్టేట్ బ్యాంకుగా వ్యవహరింపబడింది. 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైంది.

శ్రీగంధ తైలం, సబ్బు

మైసూరు అడవులలోని శ్రీగంధం ప్రభుత్వ సొత్తు. ఏటా వేలం వేసిన చెక్కలో అధిక భాగం జర్మనీ వంటి దేశాలకు వెళ్ళి, అక్కడ తైలంగా మారేది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో ఈ ఎగుమతి ఆగిపోయింది. చెక్క అమ్ముడుపోక నిలిచిపోయి ప్రభుత్వ ఆదాయానికి గండి పడింది.

చెక్కను అమ్మే బదులు తైలాన్నే ఎందుకు తీయరాదనే ఆలోచన ఈ సంకటం నుండి పుట్టింది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సడ్‌బరో, వాట్సన్ అనే శాస్త్రవేత్తలు తైలం తీసే పద్ధతిని పరిశీలించారు. 1916లో బెంగుళూరులోను, మరుసటి సంవత్సరం మైసూరులోను కర్మాగారాలు వెలిశాయి. ఆ తైలంతో సబ్బు చేయాలనే ఉద్దేశంతో ఎస్.జి.శాస్త్రి అనే రసాయన శాస్త్రజ్ఞుని శిక్షణ కోసం ఇంగ్లండుకు పంపారు. 1918లో ప్రారంభమైన ఈ సబ్బు పరిశ్రమ నుండి వచ్చినదే మైసూరు శాండల్ సబ్బు. 1980లో ఈ పరిశ్రమ కర్ణాటక ప్రభుత్వ ఆధ్వర్యంలో ప్రత్యేక కంపెనీగా ఏర్పడింది.

వాణిజ్య మండలి, విద్యాసంస్థలు

1916లో బెంగుళూరులో మైసూరు వాణిజ్య మండలి ఏర్పడటానికి విశ్వేశ్వరయ్య ప్రేరకుడు. వర్తకులు ఒక్కొక్కరుగా అధికారుల వద్దకు వెళ్ళే బదులు ఒక సంఘంగా తమ ఇబ్బందులను తెలపాలని, ప్రభుత్వం కూడా వారితో సంప్రదించి నిర్ణయాలు తీసుకోవాలని ఆయన తలచాడు. ఈ మండలి తరువాతి కాలంలో కర్ణాటక వాణిజ్య, పరిశ్రమల మండలుల సమాఖ్యగా విస్తరించింది.

పరిశ్రమలకు చదువుకున్నవారు కావాలి. అందుకే ఈ ఆరేళ్ళలోనే హెబ్బాళలో వ్యవసాయ పాఠశాల (1913), మైసూరు విశ్వవిద్యాలయం (1916), బెంగుళూరులో ఇంజనీరింగు కళాశాల (1917) ఏర్పడ్డాయి. దేశీయ సంస్థానాలలో ఏర్పడిన తొలి విశ్వవిద్యాలయం మైసూరుదే.

పదవీ విరమణ

విశ్వేశ్వరయ్య పాలన అందరి మెప్పునూ పొందలేదు. సంస్థానంలోని ఉన్నతోద్యోగాలలో బ్రాహ్మణులు అత్యధికులుగా ఉండటంపై ఇతర వర్గాలలో అసంతృప్తి పెరిగింది. 1917లో ప్రజామిత్ర మండలి అనే సంస్థ ఈ కోర్కెతో ఏర్పడింది. వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాలలో తగిన స్థానం కల్పించే విషయాన్ని పరిశీలించడానికి 1918లో మహారాజు సర్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించాడు. ఉద్యోగాలకు ప్రతిభే కొలమానం కావాలని, వెనుకబాటుకు విద్యావ్యాప్తి మాత్రమే మందు అని నమ్మిన విశ్వేశ్వరయ్య దీనితో ఏకీభవించలేదు. 1918 చివర పదవి నుండి తప్పుకొన్నాడు. చదువు, పెట్టుబడి ముందే ఉన్నవారికే కొత్త అవకాశాలు తొలుత అందుతాయన్న విమర్శకు ఆయన విధానంలో తగిన సమాధానం లేకపోయింది. ఆ తరువాత మైసూరులో అమలైన రిజర్వేషన్లు దేశంలో తొలి ప్రయత్నాలలో ఒకటిగా పేరు పొందాయి.

భద్రావతి ఉక్కు కర్మాగారం

దివానుగా ఉన్నప్పుడే విశ్వేశ్వరయ్య భద్రావతిలో ఇనుము కర్మాగారానికి పునాది వేశాడు. బొగ్గు గనులు లేని ప్రాంతం కనుక, అడవుల నుండి వచ్చే కట్టెబొగ్గుతో ఇనుము కరిగించాలని పథకం. 1923లో ఉత్పత్తి మొదలయ్యేనాటికి యుద్ధకాలపు గిరాకీ పోయి ఇనుము ధరలు పడిపోయాయి. కర్మాగారం నష్టాలలో మునిగింది. ప్రభుత్వ ధనం వృథా అవుతున్నదనే విమర్శలు చెలరేగాయి.

ఈ దశలో ప్రభుత్వం ఆయననే పిలిచి నిర్వాహక మండలి అధ్యక్షునిగా నియమించింది. 1923 నుండి 1929 వరకు ఆ పదవిలో ఉండి, ఖర్చులు తగ్గించి, విదేశీ నిపుణుల స్థానంలో స్థానికులకు శిక్షణ ఇచ్చి కర్మాగారాన్ని నిలబెట్టాడు. ఈ సేవకు తనకు రావలసిన ప్రతిఫలాన్ని బెంగుళూరులో వృత్తి విద్యాసంస్థ స్థాపనకు వినియోగించవలసిందిగా కోరాడు. 1976లో కర్మాగారానికి ఆయన పేరు పెట్టారు. 1998లో అది స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియాలో విలీనమైంది.

ప్రణాళికా రచన

1925లో భారత ప్రభుత్వం నియమించిన ఆర్థిక విచారణ సంఘానికి విశ్వేశ్వరయ్య అధ్యక్షత వహించి, దేశమంతటా గణాంకాలను క్రమబద్ధంగా సేకరించాలని సిఫారసు చేశాడు. 1934లో ప్రచురించిన గ్రంథంలో పదేళ్ళలో జాతీయాదాయాన్ని రెట్టింపు చేసే ప్రణాళికను ప్రతిపాదించాడు. స్వతంత్ర భారతదేశపు తొలి పంచవర్ష ప్రణాళిక 1951లో మొదలయింది. అంటే దానికి 17 ఏళ్ళ ముందే ఆయన ఈ ఆలోచనను ప్రజల ముందుంచాడు. గ్రామీణ వృత్తులకు ప్రాధాన్యమిచ్చిన గాంధీజీతో భారీ పరిశ్రమల విషయంలో ఆయనకు అభిప్రాయభేదం ఉండేది.

1935లో విదేశాలలో పర్యటించి, బొంబాయిలో మోటారుకార్ల కర్మాగారం కోసం పథకం సిద్ధం చేశాడు. బ్రిటిషు ఇండియా ప్రభుత్వం నుండి తగిన చేయూత లభించక అది నాడు కార్యరూపం దాల్చలేదు. 1941లో అఖిల భారత ఉత్పత్తిదారుల సంస్థను స్థాపించి, చిన్న పరిశ్రమలవారి పక్షాన కృషి చేశాడు.

ప్రభావం

మైసూరు అనుభవం ఆ సంస్థానానికే పరిమితం కాలేదు. 1916లో బ్రిటిషు ప్రభుత్వం నియమించిన భారత పారిశ్రామిక సంఘం 1918లో ఇచ్చిన నివేదికలో, పరిశ్రమల అభివృద్ధిలో ప్రభుత్వం చురుకైన పాత్ర వహించాలని సిఫారసు చేసింది. ఛాటర్టన్ ఈ సంఘంలో సభ్యుడు. 1919 సంస్కరణలతో పరిశ్రమల అభివృద్ధి రాష్ట్ర మంత్రుల చేతికి వచ్చింది. 1910లో శాఖే వద్దనిపించుకొన్న మద్రాసులో, పరిశ్రమలకు ప్రభుత్వ సహాయం అందించే చట్టం 1922లో రూపొందింది.

ప్రభుత్వం దారి చూపి తరువాత తప్పుకోవాలన్న ఆశయం మాత్రం పూర్తిగా నెరవేరలేదు. శ్రీగంధ తైలం, సబ్బు, ఇనుము పరిశ్రమలు ప్రభుత్వ రంగంలోనే కొనసాగాయి.

గౌరవాలు, మరణం

1915లో బ్రిటిషు ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదునిచ్చింది. 1955లో భారత ప్రభుత్వం భారతరత్న పురస్కారంతో సత్కరించింది. శతజయంతి సందర్భంగా 1960లో తపాలా బిళ్ళ విడుదలైంది. విశ్వేశ్వరయ్య 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో మరణించాడు. స్వగ్రామమైన ముద్దేనహళ్ళిలో ఆయన సమాధి ఉంది. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశవ్యాప్తంగా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటారు.